తెనాలి మురుగు, నిజాంపట్నం రొయ్య

తెనాలిలో ఒక ఇంట్లో అంట్లు తోమిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? సైడు కాలువలోకి అంటారు మీరు. అక్కడి నుంచి? ప్రకాశం బారేజి నుంచి పంట కాలువల్లో వచ్చేది కృష్ణ నీరు. వాడిన నీరు మాత్రం మురుగు కాలువలు పట్టి, పల్లానికి, అంటే రేపల్లె, బాపట్ల ప్రాంతాల మీదుగా సముద్రానికి పోతుంది. తెనాలికి సముద్రం కనబడదు గాని, తెనాలి మురుగు సముద్రానికి తెలుసు!

ఏరు సముద్రంలో కలిసే చోటును మన జాలరులు 'మొగ' అంటారు. పోటుకు ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది, ఆటుకు దిగిపోతుంది. రొయ్య బాల్యమంతా ఇక్కడే. టైగర్ రొయ్య సముద్రంలో లక్షల గుడ్లు పెడుతుంది. రెండు మూడు వారాలు నీటిలో కొట్టుకువచ్చిన పిల్లలు మొగ దాటి, మడచెట్ల వేళ్ళ మధ్య చేరతాయి. అక్కడ కుళ్ళిన ఆకులనూ సూక్ష్మజీవులనూ తిని పెరిగి, కొన్ని నెలలకు తిరిగి సముద్రం చేరతాయి. నిజాంపట్నం పడవల వలల్లో పడేవి అలా పెరిగినవే.

ఆ మొగ ఎలా చెడుతుందో చూద్దాం. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే ఉష్ణోగ్రతలో లీటరు మంచినీటిలో కరిగేది ఏడున్నర మిల్లీగ్రాములే. సముద్రపు నీటిలోనైతే ఆరు పైచిలుకు. ఈ కాస్తతోనే చేపలూ రొయ్యలూ బతకాలి గదా! మెతుకులు, గంజి, మలమూత్రాలు నీటిలో కలిస్తే, వాటిని తినే బాక్టీరియా విపరీతంగా పెరిగి ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గిందా, ఈదగలిగినవి పారిపోతాయి, పారిపోలేనివి చస్తాయి.

మీరే పరీక్షించండి. రెండు గాజు సీసాల నిండా చెరువు నీరు పోయండి. ఒకదానిలో చెంచాడు గంజి కలపండి. మాస్టారినడిగి రెండింటిలోనూ మిథిలిన్ బ్లూ రెండేసి చుక్కలు వేసి, గాలి చొరకుండా బిరడా బిగించి, చీకటి అరలో పెట్టండి. నీటిలో ఆక్సిజన్ అయిపోతే నీలిరంగు పోతుంది. ఏ సీసా ముందు రంగు వదిలిందో, ఎన్ని గంటలకో రాసుకోండి.

మురుగును శుద్ధిచేసే కేంద్రంలోనూ ఈ బాక్టీరియాతోనే పని. తొట్టిలోకి గాలి ఊది, అది తినవలసినదంతా అక్కడే తినిపించి, ఆ తర్వాత నీరు వదులుతారు. అయినా నత్రజని, భాస్వరం కొంత మిగులుతాయి. పొలాల ఎరువులు వాటికి తోడైతే నాచు పెరుగుతుంది. అది చచ్చి కుళ్ళితే మళ్ళీ ఆక్సిజన్‌కే ఎసరు.

మురుగొక్కటే కాదు. రేపల్లెకు దక్షిణాన ఉన్న మడ అడవుల పక్కన 1990లలో రొయ్యల చెరువులు ముమ్మరంగా తవ్వారు. రొయ్యల కోసం రొయ్యల పురిటిల్లే తవ్వుకున్నామన్నమాట! తీరం అంచున అలాంటి చెరువులు కూడదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో వచ్చిన చట్టం వాటిని రిజిస్ట్రేషను పద్ధతిలో అనుమతించింది. తెల్లమడకు బురదలోంచి పెన్సిళ్ళలా పైకి లేచే శ్వాసవేళ్ళుంటాయి. గట్టు మట్టి వాటిని కప్పేస్తే చెట్టుకు ఊపిరాడదు.

ఇక బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి హాని మరోరకం. అక్కడి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఏటా గుడ్లు పెడతాయి. సుమారు 50 రోజులకు పిల్లలు రాత్రివేళ బయటికి వచ్చి, ఎటు వెలుగుంటే అటు నడుస్తాయి. మామూలుగా ఆ వెలుగు సముద్రం మీది ఆకాశానిది. ఒడ్డున విద్యుద్దీపాలుంటే వెనక్కి తిరిగి ఊరివైపు పోతాయి. ఆ కొద్ది రాత్రులు దీపాలార్పితే చాలు, వాటికి దారి దొరుకుతుంది.