మూలపడిన టిల్లరు మళ్లీ దుక్కిలోకి

అంబాజీపేట: కొబ్బరితోటలో పశువుల పాకను ఆనుకుని తొమ్మిదేళ్లుగా తుప్పుపట్టి పడివున్న పవర్ టిల్లరు ఈ సార్వాకు ముందు మళ్లీ దుక్కిలో దిగింది. ఈ ప్రాంతానికి చెందిన ఒక చిన్న రైతుది ఆ బండి. 1998లో ఆయన తండ్రి బ్యాంకు అప్పుతో కొన్నారు. పాత ఇనుము వ్యాపారి కాటా పట్టుకొచ్చి బేరం కూడా ఆడాడు. కిలో లెక్కన వచ్చే సొమ్ము విన్నాక, అమ్మే ముందు ఒకసారి మెకానిక్కుకు చూపిద్దామని ఇల్లాలు అనడంతో బేరం ఆగింది.

కోనసీమలో టిల్లరు అవసరం వేరే చెప్పనక్కరలేదు. కొబ్బరిచెట్ల మధ్య, అరటి వరసల మధ్య పెద్ద ట్రాక్టరు మళ్లదు. చిన్న మడిలో దిగితే గట్టు తొక్కేస్తుంది. ఈ లోటు తీర్చడానికే జపాన్ తరహా టిల్లర్లు మన దేశానికి వచ్చాయి. మిత్సుబిషి సహకారంతో వీఎస్‌టీ కంపెనీ 1967లో బెంగుళూరులో ఏర్పడింది. కేరళ ప్రభుత్వ సంస్థ కామ్‌కో 1973లో మొదలైంది. హైదరాబాదులోనూ ‘కృషి’ పేరుతో టిల్లర్లు తయారయ్యాయి.

బండిని చూడగానే హ్యాండిలు వేసి తిప్పవద్దని మెకానిక్కు గట్టిగా చెప్పాడు. ఏళ్లతరబడి కదలని ఇంజనులో పిస్టన్ రింగులు తుప్పుతో లైనరుకు పట్టేస్తాయి. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి. అందుకని నాజిలు రంధ్రం గుండా డీజిలు, ఆయిలు కలిపి పోసి నాలుగు రోజులు వదిలేశారు. ఐదో రోజు ఫ్లైవీలును అటు కొంచెం, ఇటు కొంచెం కదిపితే లోపల పట్టు వదిలింది. లైనరు, పిస్టన్ మాత్రం మార్చక తప్పలేదు. టాంకు అడుగున నీళ్లు, తుప్పు పొడి చేరాయి. డీజిలు పంపు, నాజిలు రాజమండ్రి పంపి బాగుచేయించారు. మూడు బెల్టుల్లో రెండు బాగానే ఉన్నా మూడూ మార్చారు. పాతదాని పక్కన కొత్తది వేస్తే బరువంతా ఒక్కదాని మీదే పడి త్వరగా తెగుతుందట.

అసలు తంటా రోటరీ దగ్గర వచ్చింది. దాని కేసు విప్పితే ఆయిలు మజ్జిగలా తెల్లగా కారింది. నీళ్లు దిగాయన్నమాట. కారణం వెతికితే ఇరుసు చుట్టూ కొబ్బరి పీచు, అరటి నార, ఎరువు సంచి దారం తాడులా పేనుకుని కనిపించాయి. అదే లోపలికి కోసుకుపోయి ఆయిలు సీలును తినేసింది. రోజూ పని అయ్యాక ఇంజను ఆపి ఆ నార కోసి తీసేస్తే ఈ ఖర్చు తప్పేదని మెకానిక్కు అన్నాడు. బ్లేడ్లు సగానికి సగం అరిగాయి. కొత్తవి బిగించేటప్పుడు ఎడమ వంపువి, కుడి వంపువి వాటి వాటి చోట్లనే పడాలి. తారుమారైతే దుక్కి ఎగుడుదిగుడుగా వస్తుంది, పట్టుకున్నవాడి చేతులు అదురుతాయి.

అంతా అయ్యాక రైతు బండి తీసుకెళ్లబోతే మెకానిక్కు ఇవ్వనన్నాడు. రోటరీ వెనక కవరు తుప్పుకు చిల్లులు పడి ఊడిపోయింది. అది లేకుండానే అన్నేళ్లూ దున్నామని రైతు వాదన. మెకానిక్కు చెప్పు విడిచి కాలు చూపించాడు. మూడు వేళ్లు లేవు. కుర్రతనంలో కవరు లేని టిల్లరును రోటరీ తిరుగుతుండగానే వెనక్కు నడిపాడట. రైతు మరి మాట్లాడలేదు. మర్నాడు రేకు కొట్టించి కవరు వెల్డింగు చేశారు, బెల్టు గార్డు కూడా పెట్టారు. వెనక్కు నడిపేముందు రోటరీ ఆపాలన్న నియమం తెలియనివారు లేరు. పాటించేవారిని వెతుక్కోవాలి.

ఏటిగట్టు దిగి లంకకు వెళ్లేవారికి మెకానిక్కు ఇంకో మాట చెబుతున్నాడు. మెరక మీద ఎడమ లివరు నొక్కితే బండి ఎడమకు తిరుగుతుంది. పల్లంలోకి జారేటప్పుడు అదే లివరు నొక్కితే కుడికి తిరుగుతుంది. నొక్కిన వైపు చక్రం ఇంజను పట్టు వదిలి ముందుకు దొర్లడమే కారణం. కొత్తవాళ్లు ఇక్కడే కంగారుపడి బండిని మీదికి తెచ్చుకుంటారు. దిగేటప్పుడు చిన్న గేరులో, లివర్లు ముట్టకుండా, హ్యాండిలును చేత్తోనే మళ్లించుకోవాలి.

మొత్తం ఖర్చు కొత్త టిల్లరు ధరలో నాలుగో వంతుకు లోపే అయింది. అన్ని బండ్లకూ ఈ యోగం ఉండదు. గేరుబాక్సు పగిలినా, సామాను దొరక్కపోయినా ఖర్చు దండగే. 2020 జూలైలో కేంద్రం టిల్లర్ల, వాటి సామాన్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. అదే షెడ్డులో ఒక చైనా టిల్లరు గేరు పళ్లు ఊడి రెండు నెలలుగా నిలబడివుంది. దాని సొంతదారు వారానికోసారి వచ్చి సామాను వచ్చిందేమోనని అడిగి వెళ్తున్నాడు.