అడవి లూపిన్: విత్తే ముందు తెలుసుకోవలసినవి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో స్థిరపడిన మా పూర్వ విద్యార్థిని ఒకామె ఇటీవల ఒక ప్రశ్న పంపింది. ఇంటి వెనుక ఖాళీ స్థలంలో లూపిన్ పూలమొక్కలు పెంచదలచినదట. అంగడిలో రంగురంగుల విత్తనాల పొట్లాలు ఉన్నవట. వానిలో ఏది మేలని అడిగింది. మన పాఠకులలో పలువురి పిల్లలు అక్కడ నివసిస్తున్నందున సమాధానాన్ని ఇక్కడే వివరిస్తున్నాను.

లూపిన్ చిక్కుడు కుటుంబానికి చెందినది. ఇందులో అనేక జాతులు కలవు. ఉత్తర అమెరికా తూర్పు భాగంలో సహజంగా పెరిగే అడవి లూపిన్ శాస్త్రీయ నామం 'లూపినస్ పెరెన్నిస్'. ఇది 1 నుండి 2 అడుగుల ఎత్తు పెరిగే బహువార్షిక మొక్క. ఒక్కొక్క కాడ చివర 7 నుండి 11 చిన్న ఆకులు చేతివ్రేళ్ళవలె విచ్చుకొని ఉంటాయి. మే, జూన్ నెలలలో నీలం, ఊదా రంగుల పూలు నిలువు గుత్తులుగా పూస్తాయి.

అంగళ్ళలో లూపిన్ పేరిట అమ్మే వానిలో అధిక భాగం ఖండపు పశ్చిమ ప్రాంతానికి చెందిన 'లూపినస్ పాలీఫిల్లస్' నుండి పుట్టిన సంకర రకాలు. అవి మరింత ఎత్తుగా, ఆకర్షణీయంగా ఉంటాయి. రెండూ లూపిన్లే కదా అనుకోవడం పొరపాటు.

కార్నర్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక ఒకటి ఉన్నది. రెక్కలు చాచినా సుమారు అంగుళమే ఉంటుంది. ప్రఖ్యాత నవలాకారుడు, కీటక శాస్త్రజ్ఞుడు అయిన వ్లదీమిర్ నబొకొవ్ 1944లో దీనికి శాస్త్రీయ నామకరణం చేశారు. దీని గొంగళిపురుగులు అడవి లూపిన్ ఆకులను తప్ప మరి దేనినీ తినవు. ఇసుక నేలలు ఊళ్ళుగా మారడం, కార్చిచ్చులు ఆగిపోయి చెట్ల నీడ కమ్ముకోవడం వలన ఆ మొక్క తగ్గింది. దానితోపాటే ఈ జీవీ తగ్గింది. 1992లో అమెరికా ప్రభుత్వం దీనిని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది. పాలీఫిల్లస్‌ను సమీపంలో నాటితే అది అడవి లూపిన్‌తో సంకరం చెందే ప్రమాదం కూడా కలదు. కనుక పొట్లంపై 'పెరెన్నిస్' అన్న పేరు చూసి, స్థానిక అడవి మొక్కలు అమ్మే నర్సరీ నుండే విత్తనం కొనాలి.

ఇక పెంపకం. ఎండ బాగా తగిలే, నీరు నిలువని ఇసుక నేల కావాలి. బరువైన బంకమన్ను పనికిరాదు. విత్తనపు పొర చాలా గట్టిది. శీతకాలానికి ముందు విత్తితే చలికి ఆ పొర తానే మెత్తబడుతుంది. వసంతంలో విత్తేటట్లయితే గింజలను గరుకు కాగితంపై కొద్దిగా రుద్ది, ఒక రాత్రి నీటిలో నానవేయాలి. మన రైతులు వేరుశనగకు పట్టించినట్లే, లూపిన్‌కు తగిన రైజోబియం కల్చర్‌ను విత్తనానికి పట్టించాలి. వేరు బుడిపెలలోని ఆ సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. అందుచేత యూరియా వంటివి వేయనక్కరలేదు. అర అంగుళం లోతుకు మించకుండా, మొక్క ఉండవలసిన చోటనే విత్తాలి. తల్లివేరు లోతుగా దిగుతుంది కనుక పెరికి మరొక చోట నాటితే బ్రతకడం కష్టం. మొదటి ఏడు ఆకులే వస్తాయి. పూలకు రెండు, మూడేళ్ళు ఓపిక పట్టాలి. గింజలలో విషపదార్థాలు ఉన్నందున పిల్లలు నోట పెట్టుకోకుండా చూడాలి.

ఇది చలి దేశపు మొక్క. మన ఎండలకు తగినది కాదు. అయితే ఇందులోని పాఠం మనకూ వర్తిస్తుంది. మన పెరటి నిమ్మ ఆకులను తినే పురుగు సీతాకోకచిలుకగా మారుతుంది. పొలం గట్టు మీది జిల్లేడు మరొక సీతాకోకచిలుకకు ఆధారం. పిచ్చిమొక్క అని పెరికే ముందు, దానిపై ఏ ప్రాణి ఆధారపడి ఉన్నదో పిల్లలతో కలిసి ఒకసారి పరిశీలించండి.