వార్తల్లో పదం: డ్యూసెల్డార్ఫ్ పట్టిక

కొత్త సంవత్సరం వస్తోందంటే జర్మనీ పత్రికల్లో ‘డ్యూసెల్డార్ఫర్ టబెల్లె’ పేరు వినిపిస్తుంది. విడిపోయిన తల్లిదండ్రుల్లో బిడ్డ ఎవరి దగ్గర ఉండదో, వారు నెలనెలా ఎంత పోషణ ఖర్చు ఇవ్వాలో చెప్పే పట్టిక ఇది. 1962లో మొదలైంది. ఇప్పుడు డ్యూసెల్డార్ఫ్‌లోని ఉన్నత ప్రాంతీయ న్యాయస్థానం దీన్ని విడుదల చేస్తోంది.

ఇది చట్టం కాదు. అయినా దేశమంతటా కుటుంబ కోర్టులు ముందు చూసేది దీన్నే.

ఒకవైపు పిల్లల వయసు, మరోవైపు చెల్లించేవారి నికర ఆదాయం. తండ్రికి నెలకు 2,800 యూరోలు మిగులుతాయనీ, నాలుగేళ్లు, ఎనిమిదేళ్ల పిల్లలు తల్లి దగ్గర ఉన్నారనీ అనుకుందాం. 2025 పట్టిక ప్రకారం వాళ్లకు 531, 610 యూరోలు. ప్రభుత్వం ఆ ఏడాది ఒక్కో బిడ్డకు ఇచ్చిన 255 యూరోల భృతిలో సగం తగ్గిస్తారు. చివరికి కట్టాల్సింది 403.50, 482.50, కలిపి 886 యూరోలు.

ఇచ్చేవారూ బతకాలి కదా! మైనర్ పిల్లల విషయంలో ఉద్యోగం చేసేవారికి కనీసం 1,450 యూరోలు మిగల్చాలి. ఏమీ ఇవ్వకపోతే ప్రభుత్వమే కొంత ముందుగా చెల్లించి, తర్వాత వారి నుంచి రాబడుతుంది.

మ్యూనిక్‌లో స్థిరపడిన తెలుగు జంట విడిపోయినా, బిడ్డ అక్కడే పెరుగుతుంటే సాధారణంగా వర్తించేది జర్మన్ చట్టమే. మన దగ్గర ఇలాంటి పట్టిక లేదు. 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఇరుపక్షాలూ ఆదాయ, ఆస్తుల అఫిడవిట్లు ఇవ్వాలంది. మొత్తం తేల్చేది మాత్రం న్యాయమూర్తే.