కంటి వెనుకటి రక్తప్రవాహము

ఒక యవయవమున బుట్టిన వ్యాధి వేఱొక యవయవమున బయల్పడుట కలదు. కంఠమునందలి థైరాయిడు గ్రంథి యతిగా బనిచేసినపుడు కన్నులు చెడుట యట్టిదే. డబ్లిను నగర వైద్యుడగు రాబర్టు గ్రేవ్సు 1835లో వర్ణించిన యీ వ్యాధి పురుషులకంటె స్త్రీలకే మిక్కిలి తఱచు. ఇది గలవారిలో సుమారు నలువురిలో నొకరికి కన్నులు కూడ బాధించును.

మొదట కన్ను ఎఱ్ఱబడును, నీరు కారును, ఇసుక పడినట్లు గరగరలాడును. పిమ్మట పైఱెప్ప మీదికి లాగుకొని, గ్రుడ్డు ముందునకు వచ్చును. కోడలు గ్రుడ్లుఱిమి చూచుచున్నదని యపార్థము చేసికొనువారును, దిష్టి తగిలినదని ఉప్పు మిరపకాయలు తీసి యూరకుండువారును మన యిండ్లలో లేకపోలేదు. ఆ జాగుచేతనే కొందఱు చూపునకు ముప్పు దెచ్చుకొనుచున్నారు గనుక మేమీ విషయము వ్రాయుచున్నాము.

రావులపాలెపు సోదరీమణులకు దీని మర్మము దెలుపుట సులభము. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా చేలకు కాలువలు నీరు దెచ్చుచున్నవి. మురుగుకాలువలు మిగులు నీటిని గొనిపోవుచున్నవి. మురుగు పూడినచో చేను మునుగును గదా! కంటికిని అంతియే. ధమని మంచి రక్తమును దెచ్చును. సిర దానిని మరల గొనిపోవును. కంటిగుంట ఎముకల గోడలు గలది. ముందువైపు దక్క వేఱు దారి లేదు. ఈ వ్యాధిలో కంటిని ద్రిప్పు కండరములును, చుట్టునున్న క్రొవ్వును ఉబ్బి, గుంట మొదట సిరను నొక్కును. రక్తము వెనుకకు బోజాలక నిలువగా, ఱెప్పలు వాచి కన్ను ఎఱుపెక్కును. ఆ చోటనే దృష్టినాడియు నొత్తుకొనిపోవచ్చును.

ఈ ప్రవాహమును కనులార చూపునదే కలర్ డాప్లర్ పరీక్ష. ఆస్ట్రియా దేశపు క్రిస్టియన్ డాప్లర్ 1842లో జెప్పిన సూత్రమే దీనికి మూలము. మూసిన ఱెప్పపై చల్లని జిగురు పూసి, చేతిపరికరమును మెల్లగా నానించి, చెవికి వినరాని ధ్వనితరంగములను లోనికి బంపుదురు. కదలు రక్తమునుండి తిరిగి వచ్చు తరంగముల భేదమును బట్టి వేగమును, దిక్కును దెలియును. సామాన్యముగ పరికరమువైపు వచ్చు రక్తము ఎఱుపుగను, దూరముగ బోవునది నీలముగను తెరపై గనబడును. నీలముగ నుండవలసిన సిర మందగించినను, కానరాకున్నను, ఎదురు పాఱి ఎఱుపుగ దోచినను, లోపల నొత్తిడి హెచ్చినదని యనుమానింపవచ్చును. ఇందు ఎక్స్‌రే కిరణములు లేవు, సూదిపోటు లేదు.

అయిన నిది యొక్కటియే నిర్ణయము గాదు. డాప్లర్ బాగున్నంత మాత్రమున కన్ను నిర్భయమని తలపరాదు. రక్తపరీక్ష, కంటివైద్యుని పరీక్ష, వలసినచో కండరములను జూపు సి.టి. లేక ఎం.ఆర్.ఐ. చిత్రము కూడ నుండవలెను. రావులపాలెమువారికి రాజమహేంద్రవరము, కాకినాడ చేరువ. క్లిష్టస్థితిలో హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ కలదు. 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన యీ సంస్థకు, ఏలూరు ప్రాంతమున జన్మించిన చలనచిత్ర ప్రముఖుడు ఎల్.వి. ప్రసాదుగారి పేరిడిరి.

గృహిణులు మఱవరానివి కొన్ని గలవు. గోదావరి లంకల పొగాకు చుట్టలకు ప్రసిద్ధమే గాని, పొగ యీ వ్యాధికి పరమశత్రువు. పొగత్రాగువారికి వ్యాధి ముదురుట యెక్కువ, మందు ఫలించుట తక్కువ. కావున రోగి పొగ మానుటయే గాక, ఇంటివారును ఆమెకడ చుట్ట కాల్పరాదు. గ్రంథికి రేడియో అయోడిను చికిత్స యీయదలచినచో కన్నుల బాధను ముందే వైద్యునికి జెప్పవలెను. దానివలన కొందఱికి నేత్రవ్యాధి హెచ్చును.

ఒకటి రెండుగ గనబడినను, ఎఱ్ఱచీర వెలసినట్లు దోచినను, ఱెప్పలు పూర్తిగ మూతపడకున్నను, ఒక్క దినమైన జాగు చేయరాదు. తగిన కాలమున మందులచేతను, అవసరమైనచో శస్త్రచికిత్సచేతను చూపును గాపాడవచ్చును. ఇంటిలో నెవరి చూపు మారినను మొదట గనిపెట్టునది స్త్రీయే. తన కన్నుల విషయమునను ఆమె యంత శ్రద్ధయు వహించుగాక యని మా కోరిక.