పదిహేను వేల రియాళ్ల లెక్సస్: తీసుకోవాలా, వదిలేయాలా?

ఈ వారం ఎపిసోడ్ డ్యూటీ హడావుడిలో వినలేకపోయినవాళ్లకు, విన్నాక కూడా లెక్కలు ఒకసారి కళ్లతో చూసుకుందాం అనుకునేవాళ్లకు ఈ పోస్టు. మేం మాట్లాడుకున్నది మొత్తం మాటకు మాట ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంది. ఇక్కడ అసలు విషయం మాత్రమే రాస్తున్నాను, ఎపిసోడ్‌లో టైం చాలక చెప్పలేకపోయినవి కొన్ని కలిపి.

మొదలైంది ఒక వాయిస్ మెసేజ్‌తో. జగిత్యాల వైపు తమ్ముడు, లుసైల్‌లో పని, ఉండేది మన్సూరాలో. "అన్నా, ఎల్ఎస్ 460 ఒకటి దొరికింది. 2008 మోడల్. మూడు లక్షల ఇరవై వేలు తిరిగింది. పదిహేను వేలు అంటుండు, పద్నాలుగుకు దిగుతడు. లోపల కూసుంటే ఏరోప్లేన్ లెక్క ఉన్నదే. నా దగ్గర పదహారు వేలున్నయి. తీస్కోమంటవా?"

ఆ మెసేజ్‌లో మైలేజీ గురించి నాకు భయం లేదు. భయపెట్టింది చివరి మాట. చేతిలో ఉన్నది పదహారు, బండికి పోయేది పద్నాలుగు లేదా పదిహేను. మిగిలేది వెయ్యో రెండు వేలో. అంతలో ఇన్సూరెన్స్, ఇస్తిమారా, టైర్లు, మొదటి నెలలో బయటపడే రిపేర్లు. అదీ చిక్కు.

అసలు ఇంత పెద్ద బండి ఇంత తక్కువకు ఎందుకు వస్తుంది? కొత్తగా కొన్నవాళ్లు నాలుగైదేళ్లకే మార్చేస్తారు. రెండో చేయి, మూడో చేయి మారేకొద్దీ కొనేవాళ్లు తగ్గిపోతారు, రేటు జారిపోతుంది. కానీ దాని పార్టుల రేటు మాత్రం జారదు. పదిహేడేళ్ల పాత బండికి వేసే కొత్త పార్టు కొత్త పార్టే కదా. కొనేటప్పుడు కరోలా ధర, నడిపేటప్పుడు లెక్సస్ ఖర్చు. ఈ ఒక్కటి అర్థమైతే సగం పని అయినట్టే.

అలాగని ఎక్కువ తిరిగిన బండి అంటే పాడైపోయిన బండి అని కాదు. అమెరికాలో మ్యాట్ ఫారా అనే ఆటో జర్నలిస్టు 1996 మోడల్ లెక్సస్ ఎల్ఎస్ 400 కొన్నాడు. కొనేటప్పటికే దాదాపు తొమ్మిది లక్షల మైళ్లు తిరిగి ఉంది. ఆ బండి తర్వాత పది లక్షల మైళ్లు దాటింది, అంటే మన లెక్కలో పదహారు లక్షల కిలోమీటర్లు. ఇంజన్ గట్టిది, నిజమే. పాత ఓనర్లు సర్వీసు తప్పకుండా చేయించారన్నది కూడా అంతే నిజం. కాబట్టి "ఎంత తిరిగింది?" అని అడిగి ఆగిపోవద్దు, "ఎవరి చేతిలో, ఎట్లా తిరిగింది?" అని కూడా అడగాలి. లక్షా యాభై వేలు తిరిగి ఏడాదికోసారి కూడా ఆయిల్ చూడని బండి కంటే, మూడు లక్షలు తిరిగి బిల్లులన్నీ ఫైల్లో ఉన్న బండి వంద రెట్లు నయం.

ఇప్పుడు మోడళ్ల సంగతి. ఎల్ఎస్ 430 (2000 నుంచి 2006 వరకు వచ్చింది) 4.3 లీటర్ల వీ8. ఈ కోవలో నా మనసుకు నచ్చిన బండి ఇదే. ఒకటి మరిచిపోవద్దు: దీనికి టైమింగ్ బెల్ట్ ఉంటుంది, చైన్ కాదు. సుమారు లక్షన్నర కిలోమీటర్లకోసారి మార్చాలి, వాటర్ పంపు కూడా దాంతోపాటే మార్చేస్తారు. మార్చకుండా బెల్ట్ తెగిందా, వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ పోతుంది. "బెల్ట్ ఎప్పుడు మార్చారు, బిల్లు ఉందా?" అని అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని ఆ డబ్బు రేటులో తగ్గించమనండి.

మన తమ్ముడు అడిగిన ఎల్ఎస్ 460 దాని తర్వాతది. టైమింగ్ చైన్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌తో అమ్మకానికి వచ్చిన మొదటి కారు ఇదే. దీని నొప్పంతా ముందు చక్రాల దగ్గర ఉంటుంది. కంట్రోల్ ఆర్మ్స్ చాలా ఉంటాయి, వాటి రబ్బరు బుష్‌లు పోతాయి, బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. ఒకటి మారిస్తే పక్కది అరుస్తుంది. బ్రేక్ యాక్చుయేటర్ పోయిందంటే ఆ ఒక్క పార్టు రేటు వినే కూర్చోవాల్సి వస్తుంది. ఇంకోటి, మొదట్లో వచ్చిన ఈ ఇంజన్లలో వాల్వ్ స్ప్రింగుల సమస్య ఉందని 2010లో కంపెనీయే ప్రపంచవ్యాప్తంగా రీకాల్ చేసింది. ఆ పని జరిగిందో లేదో ఛాసిస్ నంబర్ ఇచ్చి ఏజెన్సీలో అడగొచ్చు.

బెంజ్ ఎస్ క్లాస్, బీఎండబ్ల్యూ 7 సిరీస్ గురించి కూడా చాలామంది అడిగారు. బెంజ్ డబ్ల్యూ221లో గాలి సస్పెన్షన్ ఉంటుంది. పొద్దున లేచి చూస్తే బండి ఒక మూల కూలబడి ఉందంటే గాలి లీకవుతోందన్నమాట. 2000 దశకం మధ్యలో వచ్చిన కొన్ని బెంజ్ వీ6 ఇంజన్లలో లోపలి బ్యాలెన్స్ షాఫ్ట్ గేర్ అరిగిపోయేది, దాన్ని మార్చాలంటే ఇంజన్ దించాలి. తక్కువ డబ్బుతో జర్మన్ బండి జోలికి పోవద్దనే నేను చెబుతాను. దీని మీద నాతో గొడవ పడేవాళ్లు ఉన్నారని తెలుసు. పడండి.

పెట్రోలు గురించి అందరూ భయపడతారు కానీ, ఖతార్‌లో అది అసలు శత్రువు కాదు. లీటరు రెండు రియాళ్ల చుట్టూ ఉంటుంది. రోజుకు నలభై కిలోమీటర్లు, నెలకు ఇరవై ఆరు రోజులు తిరిగితే 1,040 కిలోమీటర్లు. వీ8 ఊర్లో లీటరుకు ఏడు ఇస్తుందనుకుందాం, నెలకు మూడు వందల రియాళ్లు. కరోలా పదమూడు ఇస్తే నూట అరవై. తేడా నూట నలభై. పెద్ద బండికి సూపరే కొట్టించాలి కాబట్టి ఇంకాస్త కలుపుకోండి. ఈ తేడా మనిషిని ముంచదు. ముంచేది మూడో నెలలో వచ్చే రెండు వేల ఐదు వందల బిల్లు.

ఆ బిల్లు ఎట్లా వస్తుందో చెప్పడానికి సనాయలో పన్నెండేళ్లుగా గ్యారేజీలో పని చేస్తున్న మన రాజంపేట అన్నను ఎపిసోడ్‌కు పిలిచాం. ఆ ముక్క ట్రాన్స్‌క్రిప్ట్ నుంచే పెడుతున్నాను:

నేను: అన్నా, ఇట్లాంటి బండి చూడబోతే మొట్టమొదట ఏం చూడాల?

మెకానిక్ అన్న: బండి చల్లగా ఉన్నప్పుడు పోవాల. పొద్దున్నే. ముందే ఫోన్ చేసి చెప్పు, స్టార్ట్ చేసి పెట్టొద్దు అని. పోంగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందంటే ఏదో దాస్తా ఉండాడని అర్థం.

నేను: చల్లగా ఉంటే?

మెకానిక్ అన్న: స్టార్ట్ చేసి వెనకాల నిలబడు. నీలం పొగ వచ్చిందంటే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తా ఉంటే కూలెంట్ లోపలికి పోతోంది. రెండిట్లో ఏది కనపడినా దండం పెట్టి వచ్చేయ్.

నేను: ఏసీ?

మెకానిక్ అన్న: అది పొద్దున చూసి ఏం లాభం? మధ్యాహ్నం రెండింటికి చూడాల. ఎండలో నిలబెట్టి, ఏసీ ఫుల్లుగా పెట్టి, బండి కదలకుండా ఇరవై నిమిషాలు. సిగ్నల్ దగ్గర ఆగినట్టే. చల్లదనం తగ్గిందా, టెంపరేచర్ ముల్లు పైకి పోయిందా చూడు. ఈ ఊర్లో ఏసీ లేని బండి బండే కాదు నాయనా.

నేను: అంటే రెండుసార్లు పోవాల.

మెకానిక్ అన్న: పదిహేను వేలు పెడతా ఉండావు, రెండుసార్లు పోలేవా?

ఆయన చెప్పినవాటిలో అందరికీ పనికొచ్చేది ఇంకోటి ఉంది. ఓబీడీ స్కానర్ అని చిన్న డబ్బా, బ్లూటూత్‌తో ఫోన్‌కు కలుస్తుంది, తక్కువకే దొరుకుతుంది. ఎర్రర్ కోడ్‌లు చూపిస్తుంది. అమ్మేవాడు తెలివైనవాడైతే మీరు వచ్చే ముందే కోడ్‌లు తుడిచేసి ఉంచుతాడు, చెక్ ఇంజన్ లైటు వెలగదు. కానీ కోడ్‌లు తుడిస్తే బండి తనను తాను చేసుకునే పరీక్షలు కూడా మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. స్కానర్ యాప్‌లో 'రెడీనెస్' అని ఉంటుంది. అక్కడ చాలావరకు 'నాట్ రెడీ' అని చూపిస్తే, ఈ మధ్యే ఎవరో తుడిచారన్నమాట, లేదా బ్యాటరీ తీసి పెట్టారన్నమాట. రెండు మూడు రోజులు నడిపాక మళ్లీ చూస్తానని చెప్పండి. అప్పుడు ఆయన ముఖం చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి.

ఫాహెస్ పాసైంది కదా, ఇంకేం భయం అంటారు కొందరు. మూడేళ్లు దాటిన బండికి ఇస్తిమారా రెన్యూవల్ కావాలంటే ఫాహెస్ చెకింగ్ తప్పదు, అది మంచిదే. కానీ అక్కడ చూసేది బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని. బ్రేకులు, లైట్లు, పొగ, స్టీరింగ్ వగైరా. గేర్‌బాక్స్ ఇంకెన్నాళ్లు వస్తుంది, ఏసీ కంప్రెసర్ ఎప్పుడు పోతుంది అనేవి వాళ్ల పని కాదు.

గల్ఫ్ స్పెక్, అమెరికన్ స్పెక్ తేడా తెలుసుకోండి. అమెరికాలో యాక్సిడెంట్ అయి, లేదా వరద నీళ్లలో మునిగి, ఇన్సూరెన్స్ కంపెనీలు వేలంలో అమ్మేసిన బండ్లు బాగుచేయించుకుని గల్ఫ్ మార్కెట్‌లోకి వస్తాయి. అన్నీ చెడ్డవి కావు. కానీ స్పీడోమీటర్ మైళ్లలో ఉందా, సన్‌వైజర్ మీద ఎయిర్‌బ్యాగ్ స్టిక్కర్‌లో అరబిక్ లేదా అని చూడండి. అట్లా ఉంటే ఛాసిస్ నంబర్‌తో కార్‌ఫ్యాక్స్ లాంటి రిపోర్టు తీయించండి. 'సాల్వేజ్' అన్న మాట కనిపిస్తే ఆ రేటు ఎందుకు తక్కువో అర్థమైపోతుంది. మైళ్లలో ఉన్న అంకెను కిలోమీటర్లు అని చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. రెండు లక్షలు అనుకున్నది నిజానికి మూడు లక్షల ఇరవై వేలు.

కాగితాల దగ్గర ఒకటే నియమం: పేరు మారకుండా డబ్బు మొత్తం ఇవ్వొద్దు. ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్ మెట్రాష్‌లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేసుకోవచ్చు. బండి మీద ట్రాఫిక్ ఫైన్లు ఉన్నా, బ్యాంకు లోన్ ఉన్నా అవి తేలకుండా ట్రాన్స్‌ఫర్ కాదు. "మన ఊరోడే, పేరు తర్వాత మారుద్దాంలే" అని తాళాలు తీసుకున్నవాళ్ల కథలు మాకు వచ్చిన మెసేజ్‌లలో చాలా ఉన్నాయి. మీరు కెమెరాకు దొరికితే ఫైన్ ఆయన పేరు మీద పడుతుంది. ఆయన ఇండియా వెళ్లిపోతే పేరు మార్చడానికి మనిషే దొరకడు.

ఇన్సూరెన్స్ లేకుండా ఇస్తిమారా లేదు. ఇంత పాత బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి కాబట్టి చాలామందికి దొరికేది థర్డ్ పార్టీ. మీ తప్పుతో గుద్దితే ఎదుటివాళ్ల బండి బాగవుతుంది, మీ బండి ఖర్చు మీదే. యాక్సిడెంట్ దెబ్బను పోలీస్ రిపోర్టు లేకుండా గ్యారేజీవాళ్లు ముట్టకూడదు, చిన్న గీతే కదా అని వదిలేయకండి.

మెసేజ్ చివర్లో తమ్ముడు ఇంకో మాట అన్నాడు. రూంలో నలుగురిని రోజూ డ్యూటీకి దింపి మనిషికి ఇంత అని తీసుకుంటే నెలకు పెట్రోలు, రిపేరు వెళ్లిపోతాయని. దీని గురించి మొహమాటం లేకుండా చెబుతాను. పర్మిట్ లేకుండా డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకోవడం ఇక్కడ నేరం. పట్టుబడితే పోయేది బండి ఒక్కటే కాదు, ఉద్యోగం మీదికి వస్తుంది. దారిలో యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా మీకే ఇబ్బంది. ఆ ఆదాయాన్ని లెక్కలోంచి కొట్టేయండి. కొట్టేసినాక కూడా బండి భరించగలిగితేనే కొనండి.

మరి పదహారు వేలతో ఏం చేయాలి? నేనైతే పది వేలు మించి బండికి పెట్టను. మూడు వేలు మొదటి నెల ఖర్చు: అన్ని ఆయిళ్లు, ఫిల్టర్లు, బ్యాటరీ, అవసరమైతే టైర్లు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఇక్కడి ఎండకు పాత రబ్బరును నమ్మలేం. మిగతా మూడు వేలు ముట్టకుండా పక్కన పెడతాను, రాబోయే రిపేరు కోసం.

ఆ పది వేలలో మెత్తగా పోయే బండే కావాలంటే వీ8 మరిచిపోయి లెక్సస్ ఈఎస్ 350 చూడండి, లేదంటే టొయోటా అవలాన్. రెండిట్లోనూ దాదాపు అదే 3.5 లీటర్ల వీ6, టైమింగ్ చైన్. అదే కుటుంబం ఇంజన్ క్యామ్రీలోనూ వచ్చింది కాబట్టి పార్టులు, పని తెలిసిన మెకానిక్‌లు సనాయలో సులభంగా దొరుకుతారు. మొదట్లో వచ్చినవాటికి వీవీటీ ఆయిల్ పైపులో కొంత భాగం రబ్బరుది ఉండేది, అది పగిలితే ఆయిల్ మొత్తం నిమిషాల్లో కారిపోతుంది. తర్వాత పూర్తిగా ఇనుప పైపు ఇచ్చారు. మార్చారా అని మెకానిక్‌తో చూపించుకోండి. ఒక్క జాగ్రత్త: ఈఎస్‌లు లిమోజిన్ కంపెనీల్లో రాత్రీపగలూ తిరిగినవి ఉంటాయి. వెనక సీటు డ్రైవర్ సీటు కంటే ఎక్కువ నలిగి ఉంటే అనుమానించండి.

డ్యూటీకి మెట్రో దగ్గరైతే, ఒక ట్రిప్పు రెండు రియాళ్లే. నెలకు నాలుగు శుక్రవారాల కోసం పది వేలు పెట్టాలా అన్నది మీరు మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవాల్సిన విషయం.

తమ్ముడికి ఇదంతా చెప్పాక రెండు రోజులకు మళ్లీ మెసేజ్ పెట్టాడు. పొద్దున్నే వెళ్లాడట. బానెట్ వెచ్చగా ఉందట. "పోయి చెయ్యి పెట్టిన్నన్నా, కాలింది. ఇంగ మాట్లాడకుండ వచ్చేసిన" అన్నాడు. ఇప్పుడు అవలాన్ ఒకటి చూస్తున్నాడు, 2009 మోడల్, రెండు లక్షల డెబ్బై వేలు. అమ్మేది ఒక కేరళ చేట. ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చే నెల వెళ్లిపోతున్నాడు, సర్వీసు బిల్లులన్నీ కవర్లో దాచి పెట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి ఏసీ చూడటానికి ఈ శుక్రవారం వెళ్తున్నాడు.