చెరువును కలిపే చక్రం

"చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుందన్నారు కదండీ, మరి డిసెంబర్ చలిలో కూడా మా నాన్నగారు రొయ్యల చెరువులో రాత్రంతా ఏరియేటర్లు ఎందుకు ఆపరండీ?" ఉప్పలగుప్తం వైపు నుంచి వచ్చే ఓ ఇంటర్ కుర్రాడి ప్రశ్న ఇది.

కుర్రాడి లెక్క తప్పేం కాదు. మంచినీరు 30 డిగ్రీల దగ్గర లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 20 దగ్గర తొమ్మిది పైచిలుకు పట్టుకుంటుంది. ఉప్పు ఉంటే కాస్త తగ్గుతుంది. అయితే అది నీటిలో ఉన్న చోటు మాత్రమే. దాన్ని పగలు నింపేది పచ్చటి ప్లాంక్టన్. పుష్యమాసంలో పొగమంచు పొద్దెక్కినా విడవకపోతే ఆ పని కుంటుపడుతుంది. చీకటి పడ్డాక ప్లాంక్టన్ కూడా రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ పీలుస్తుంది. గాలి ఆడని రాత్రయితే, తెల్లవారుజాముకి చెరువు అడుగున ప్రాణవాయువు అడుగంటుతుంది.

అక్కడే ఏరియేటర్ పని, అంటే రెక్కల చక్రం పని. నిమిషానికి 1400 పైచిలుకు చుట్లు తిరిగే మోటారు వేగాన్ని గేర్‌బాక్స్ వంద చుట్ల దరిదాపులకు దించుతుంది. రెక్క బెత్తెడు లోతు మునగాలి. ఎక్కువ మునిగితే మోటారు ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది, తేలిపోతే ఉత్త గాలిని కొడుతుంది. రెక్కలకున్న చిల్లులు నీటిని తుంపరలుగా చీలుస్తాయి. గాలికీ నీటికీ మధ్య కదలని పలుచటి నీటిపొర ఒకటి ఉంటుంది, ఆక్సిజన్‌కు అసలు అడ్డంకి అదే. తుంపర ఆ పొరను చెదరగొట్టి, గాలి తగిలే మేర పెంచుతుంది.

నన్ను ముగ్ధుణ్ణి చేసేది మాత్రం తుంపర కాదు, తోపు. చక్రం నీటిని ముందుకు తోస్తుంటే చెరువంతా మెల్లగా తిరుగుతుంది, పైనీరు అడుగుకు చేరుతుంది. రొయ్య బతికేది అడుగున కదా! పైన ఎంత ఆక్సిజన్ ఉన్నా కిందికి దిగకపోతే దానికేం లాభం? ఇంకో తమాషా: ఎండ మధ్యాహ్నం ప్లాంక్టన్ నీటిలో పట్టేదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ నింపేస్తుంది. అప్పుడు ఏరియేటర్ తిప్పితే ఆక్సిజన్ నీళ్లలోకి రాదు, గాల్లోకి పోతుంది. ఆ వేళ కాసేపు తిప్పేదల్లా పైనా కిందా పొరలు కలపడానికే.

అలబామాలోని ఆబర్న్ యూనివర్సిటీలో క్లాడ్ బాయిడ్ 1980లలో రకరకాల ఏరియేటర్లను ఒకే తూకానికి పెట్టాడు: ఒక యూనిట్ శక్తికి ఎన్ని కిలోల ఆక్సిజన్? రెక్కల చక్రానికి సగటున 2.2 వచ్చింది, అడుగు నుంచి బుడగలు వదిలే పద్ధతికి 0.9. లోతు తక్కువ చెరువులో బుడగ కరిగేలోపే పైకి తేలిపోతుంది మరి. తర్వాతి కథ పొడుగేం కాదు. తైవాన్ పద్ధతి తేలే చక్రాలు మన చెరువుల్లోకి వచ్చాయి, 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి దొరికాక చెరువులో వేసే రొయ్యపిల్లల సాంద్రత పెరిగింది, ఏరియేటర్ లేని చెరువు ఊహకే అందకుండా పోయింది.

ఓడిన బుడగకూ ఓ రాజ్యం ఉంది, అది కోయి కొలను. మన బంగారుతీగ చేప వంశంలోనే రంగులు తేలిన కోయి చేపలకు పుట్టిల్లు జపాన్‌లోని నీగాటా. అక్కడి పెంపకందార్లు మంచు పడకముందే చేపల్ని లోపలి తొట్లకు మారుస్తారు. చలిదేశాల్లో బయటి కొలనులోనే ఉంచేవాళ్ల సంగతి వేరు. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు, అందుకే అది అడుగున నిలుస్తుంది. గడ్డ పైన కడుతుంది, కోయి మేత మానేసి కింద తలదాచుకుంటుంది. అక్కడ చక్రం తిప్పి చెరువు కలిపితే ఆ వెచ్చదనం కాస్తా పోతుంది. కాబట్టి బుడగల రాయిని అడుగున పెట్టకుండా పైకి వేలాడదీసి, మంచుగడ్డలో ఒక్క కన్నం తెరిచి ఉంచుతారు. లోపలి చెడు వాయువులు దాని గుండా పోతాయి.

అమలాపురంలో పెరటి తొట్టిలో కోయి పెంచుకునేవాళ్లకు ఆ బెడద లేదు. హీటర్ అక్కర్లేదు, రాత్రిపూట గాలి పంపు ఆపకపోతే చాలు. రొయ్యల రైతులకు మాత్రం ఒక మాట: ఇంకో ఏరియేటర్ కొనేముందు, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటర్ ఒకటి కొనండి. తెల్లవారుజామున దాన్ని అడుగు నీటిదాకా దించి చూడండి.