పటేల్‌గూడ పొలిమేరల్లో రెండు సిద్ధాంతాలు

పటేల్‌గూడకు రామచంద్రాపురమూ దగ్గరే, పటాన్‌చెరూ దగ్గరే. రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం 1960లలో సోషలిస్టు చెకొస్లోవేకియా సహకారంతో వెలసింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1972లో ఏర్పడింది. దాని పుట్టుక వెనుక అమెరికాకు చెందిన ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల చొరవ ఉంది. ఒకచోట టర్బైన్లు, మరొకచోట జొన్న, సజ్జ, కంది వంగడాలు. షిఫ్టుకు వెళ్ళే కార్మికునికి గానీ విత్తనం చల్లే రైతుకు గానీ ఆనాటి శిబిరాల పేర్లతో పని లేదు.

అయితే ఆ సహాయం ఉత్త దయాధర్మం కాదు. సోషలిజమే పేద దేశాలకు దారి అని ఒకరు చూపదలిచారు. ఆకలి ఉన్నచోట కమ్యూనిజం మొలుస్తుందని మరొకరు భయపడ్డారు. ‘హరిత విప్లవం’ అన్న పేరే ఇందుకు సాక్ష్యం. 1968 మార్చిలో ఆ మాటను వాడిన అమెరికా సహాయ సంస్థ అధిపతి విలియం గాడ్, ఇది సోవియట్ల ఎర్ర విప్లవం వంటిది కాదని విడమరచి చెప్పాడు. అంతకు ముందరి కరువు రోజుల్లో అధ్యక్షుడు జాన్సన్ మన దేశానికి గోధుమలను ఒక్కసారిగా కాక, బిగపట్టి విడతలవారీగా పంపించాడు. వియత్నాం యుద్ధంపై భారత్ చేసిన విమర్శ ఆయనకు రుచించలేదు. అన్నం పెట్టినవారు ప్రతిఫలాన్ని గానీ కృతజ్ఞతను గానీ ఆశించరాదని ‘అల్-ఇన్సాన్’ సూరాలో చదువుకున్న మనకు, ఆ గోధుమలను ఏ త్రాసులో తూచాలో తెలుసు.

మరి పోరంతా సిద్ధాంతం కోసమేనా? 1969లో ఉసూరి నదీతీరాన తలపడిన సోవియట్ యూనియన్, చైనా రెండూ కమ్యూనిస్టు రాజ్యాలే! ఇక్రిశాట్ పుట్టిన 1972లోనే, కమ్యూనిజానికి బద్ధ వ్యతిరేకిగా పేరొందిన నిక్సన్ బీజింగ్ వెళ్ళి మావోతో కరచాలనం చేశాడు. జనాన్ని కూడగట్టడానికి సిద్ధాంతం పనికివచ్చింది. ఎవరితో చేతులు కలపాలో మాత్రం ప్రయోజనమే నిర్ణయించింది.

మనసు ఒకవైపు మొగ్గడం తప్పు కాదు. రోమన్లు, పారశీకుల పోరులో మక్కా ముస్లింలు గ్రంథప్రజలైన రోమన్ల గెలుపును కోరుకున్నారు. ‘అర్-రూమ్’ సూరా నేపథ్యం అదే. కానీ వారు ఏ చక్రవర్తి జెండా కిందా చేరలేదు.

మన కాలంలో అలా జరగలేదు. 1983లో రీగన్ అఫ్ఘాన్ ముజాహిదీన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌లో ఆదరించాడు. నాస్తిక రాజ్యంపై విశ్వాసుల పోరాటమన్న మాట అప్పట్లో వాషింగ్టన్‌కు ఎంతో ఇంపుగా వినిపించింది. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సేనలు వెనుదిరిగాయి. ఆ తర్వాత అంతర్యుద్ధంలో కాబూల్ ఇళ్ళు కూలుతున్నప్పుడు, ఆ విశ్వాసుల బాగోగులు అడిగేందుకు వాషింగ్టన్‌కు తీరిక లేకపోయింది.